ఫిరౌన్ల దేశంలో మనుషులు లేరా?

"ఆ తర్వాత అరబ్బులు వచ్చారు."

ఈజిప్టులో గైడు వెంట తిరిగే బృందానికి ఏదో ఒక రోజు ఈ వాక్యం వినపడుతుంది. మూడువేల ఏళ్ళ ఫిరౌన్ల కథని రాజు తర్వాత రాజుగా, దేవత తర్వాత దేవతగా ఓపిగ్గా చెప్పుకొచ్చిన గొంతు ఇక్కడికి రాగానే తొందరపడుతుంది. గ్రీకులు పాలించారు, రోమన్లు పాలించారు, అరబ్బులు వచ్చారు. పాలించినవాళ్ళకీ వచ్చినవాళ్ళకీ తేడా ఏమిటని బస్సులో ఎవరూ అడగరు. మేం అడగాల్సి వస్తుంది. ఎందుకంటే ఈ "వచ్చారు" అన్న మాటతో మాకు బడి రోజుల నుంచీ పరిచయం. ఇక్కడ చదువుకున్న ముస్లిం పిల్లల్లో చాలామంది, సాంఘికశాస్త్రం పుస్తకంలో ఒకానొక పాఠం మొదలవగానే క్లాసంతా తమ వైపు తిరిగి చూడటం ఎరిగినవాళ్ళే. నిన్నటిదాకా పక్క బెంచీలో కూర్చున్నవాడు ఆ పేజీ తిప్పడంతోటే వచ్చినవాడైపోతాడు.

పర్యాటక ప్యాకేజీని ఎవరూ ఒక రచనగా చదవరు. చదవాలి. దానికి ఆరంభం ఉంది, నడక ఉంది, ముగింపు ఉంది. దేన్ని చెప్పాలో దేన్ని వదిలెయ్యాలో ముందే తేల్చిపెట్టిన చెయ్యి ఉంది. హైదరాబాదు నుంచి వెళ్ళే బృందానికీ లండన్ నుంచి వెళ్ళే బృందానికీ అక్కడ దొరికేది దాదాపు ఒకటే పాఠం. ఎనిమిది రోజులు, మహా అయితే పది. కైరోలో దిగగానే గీజా పిరమిడ్లు, స్ఫింక్స్, మ్యూజియం. అక్కణ్ణించి లక్సర్‌కో అస్వాన్‌కో విమానం. నైలు మీద మూడు నాలుగు రాత్రుల ఓడ ప్రయాణం, ఒడ్డున ఎడ్ఫూ, కోమ్ ఓంబో గుళ్ళు. తెల్లవారుజామున లేపి అబూ సింబెల్. మిగిలిన అరపూటలో "ఇస్లామిక్ కైరో". అంటే కొండమీది కోటలో పంతొమ్మిదో శతాబ్దపు ముహమ్మద్ అలీ మసీదు, ఆ వెంటనే ఖాన్ అల్ ఖలీలీ బజారులో కొనుగోళ్ళు. మనవాళ్ళ బృందమైతే అదనంగా పప్పన్నం ఏర్పాటు. 879లో పూర్తయిన ఇబ్న్ తులూన్ మసీదుకి టైము ఉండదు. పదో శతాబ్దం నుంచీ చదువు చెప్తున్న అల్ అజ్‌హర్ ఆ బజారుకి రోడ్డవతలే ఉంటుంది. దాన్ని బస్సు కిటికీలోంచి చూస్తే చాలనుకుంటారు.

పదమూడు వందల ఎనభై ఏళ్ళకి అరపూట. అందులో సగం అంగడి.

ఈ దారి ఈజిప్టు ప్రజలు వేసుకున్నది కాదు. గార్డ్‌నర్ విల్కిన్సన్ రాసిన ప్రయాణీకుల చేతిపుస్తకాన్ని లండన్‌లో మర్రే ప్రచురణ సంస్థ 1847లో అచ్చేసింది. సూయెజ్ కాలువ తెరిచిన 1869లోనే థామస్ కుక్ తన మొదటి బృందాన్ని నైలు మీదికి తీసుకొచ్చాడు. ఆ తర్వాత నైలు మీద స్టీమర్లంటే కుక్ కంపెనీ స్టీమర్లే. 1882లో బ్రిటిషువాళ్ళు ఈజిప్టుని ఆక్రమించారు. 1884లో సూడాన్‌లో చిక్కుకున్న జనరల్ గోర్డన్ కోసం సైన్యాన్ని పంపాల్సి వస్తే, ఆ సైన్యాన్నీ సామగ్రినీ నైలు మీద చేరవేసే కాంట్రాక్టు కుక్ కంపెనీకే దక్కింది. యాత్రీకుల్ని గుళ్ళకి తీసుకుపోయిన ఏర్పాటే సిపాయిల్ని యుద్ధానికి మోసింది. ఇది కేవలం రవాణా సంగతి అనుకునేవాళ్ళు అనుకోవచ్చు. దేశాన్ని చూడటం, దేశాన్ని పట్టుకోవటం ఒకే టికెట్టు మీద నడిచాయని మేం అనుకుంటున్నాం.

అక్కడి పురావస్తు శాఖకి 1858 నుంచి 1952 దాకా అధిపతులు ఫ్రెంచివాళ్ళు. 1902లో కైరోలో తెరిచిన మ్యూజియం ముఖద్వారం మీద పునాది మాటలు లాటిన్‌లో చెక్కారు. ఈజిప్టు పౌరుడు తన తాతముత్తాతల్ని చూసుకోవడానికి వెళ్తే గుమ్మం మీద చచ్చిపోయిన రోమన్ల భాష పలకరిస్తుంది. పక్కన గోడ మీద యూరప్ పండితుల పేర్లు. అహ్మద్ కమాల్ లాంటివాడి గోడు ఎవరు వినాలి? 1851లో పుట్టి 1923లో పోయిన ఈయన ఈజిప్టు ప్రాచీన చరిత్రకి తొలి స్వదేశీ పండితుల్లో ఒకడు. పిరమిడ్ల కాలపు భాషకీ అరబ్బీకీ బంధుత్వం ఉందని నమ్మి, ఇరవై రెండు సంపుటాల నిఘంటువు తయారు చేసుకున్నాడు. ఆయన బతికుండగా అది అచ్చుకు నోచుకోలేదు. ఆయన పోలికలన్నీ ఈనాటి భాషాశాస్త్రానికి నిలవకపోవచ్చు. కానీ పిరమిడ్ కట్టినవాడికీ నమాజు చేసేవాడికీ మధ్య తెగని తాడు ఉందని చెప్పాలన్న ఆ తపన గైడ్ల పాఠంలోకి ఎందుకు రాలేదన్నదే మా ప్రశ్న.

దేశాన్ని ముక్కలు చేసే పని మ్యూజియాలు మొదలుపెట్టాయి. ఫిరౌన్లకి కైరోలో ఒక మ్యూజియం. గ్రీకు రోమన్లకి అలెగ్జాండ్రియాలో 1892లో ఇంకోటి. అరబ్బు కళకి 1884లో ఒకటి తెరిచారు. దానికి 1952లో ఇస్లామిక్ మ్యూజియం అని పేరు మార్చారు. కాప్టిక్ క్రైస్తవులకి 1908లో వేరే మ్యూజియం. నైలు ఒడ్డున ఒక రైతు కుటుంబాన్ని ఊహించండి. ముత్తాతల ముత్తాతలు ఒసిరిస్‌కి మొక్కారు, వాళ్ళ సంతతి ఏసుకి మొక్కింది, వాళ్ళ సంతతి అల్లాకి సజ్దా చేసింది. పొలం అదే, కాలువ అదే, పన్ను వసూలుకి వచ్చేవాడి కర్ర అదే. ఈ కుటుంబాన్ని ఏ మ్యూజియంలో పెడతారు? మన దగ్గర జేమ్స్ మిల్ 1817లో భారత చరిత్రని హిందూ, ముస్లిం, బ్రిటిషు యుగాలుగా కోసిన కత్తి గుర్తుందిగా. హిందూ యుగం, ముస్లిం యుగం అన్నవాడు మూడోదాన్ని క్రైస్తవ యుగం అనలేదు. కత్తి పట్టుకున్నవాడు తనకి తాను మతం పేరు పెట్టుకోలేదు.

నిజానికి 641 ప్రాంతంలో అమ్ర్ ఇబ్న్ అల్ ఆస్ మొదట తెచ్చిన సైన్యం నాలుగు వేలని అరబ్బు చరిత్రకారులే రాసిపెట్టారు. తర్వాత మరికొన్ని వేలు చేరాయి. దేశం లక్షల్లో ఉంది. ఆ లక్షలు ఎక్కడికి పోయాయి? ఎక్కడికీ పోలేదు. కొన్ని శతాబ్దాల పాటు, కొంత నమ్మకంతో, కొంత పన్ను భారంతో, కొంత ఒత్తిడితో, కొంత కొలువుల కోసం, మెల్లగా ముస్లింలయ్యారు. మెల్లగా అరబ్బీ మాట్లాడారు. "వచ్చారు" అన్న మాట కింద కప్పడిపోయింది ఈ "అయ్యారు" అన్న మాటే. ఈజిప్టు రైతు ఇప్పటికీ విత్తనం వేసేది కాప్టిక్ నెలల లెక్కన. తూత్, హాతూర్, తూబా, అమ్షీర్. ఆ పేర్లు ఫిరౌన్ల కాలం నుంచి నడిచొచ్చినవి. మసీదులో హిజ్రీ తారీఖు, పొలంలో తూబా నెల. ఇందులో మాకు వింతేమీ కనపడదు. మా పల్లెల్లో సాయిబు రైతు రంజాను చంద్రుణ్ణి చూసి రోజా పడతాడు, మృగశిర కార్తె చూసి దుక్కి దున్నుతాడు. ఈజిప్టులో వసంతకాలంలో షమ్మున్నసీమ్ అని ఒక పండుగ ఉంది. ముస్లింలూ క్రైస్తవులూ కలిసి పచ్చికలో కూచుని ఉప్పుచేపలూ రంగులద్దిన గుడ్లూ తింటారు. దాని వేళ్ళు ఫిరౌన్ల కాలంలో ఉన్నాయంటారు. దీని గురించి గైడు చెప్తే ఒక్క నిమిషం పడుతుంది. ఆ నిమిషం పెర్ఫ్యూము దుకాణానికి పోతుంది.

ఇక్కడో సంగతి దాచకూడదు. అక్కడ మేం మైనారిటీ కాదు. అక్కడ మైనారిటీ కాప్టులు. చర్చి కట్టుకోవడానికి అనుమతుల కోసం తిరిగిన తిరుగుడు, 2011 జనవరి 1న అలెగ్జాండ్రియా చర్చి ముందు పేలిన బాంబు వాళ్ళ అనుభవం. మెజారిటీ అంటే ఏమిటో మాకు తెలిసినట్టే వాళ్ళకీ తెలుసు. అయితే టూరు పాఠం వాళ్ళకిచ్చే మర్యాద కూడా మర్యాద కాదు. "వీళ్ళే అసలు సిసలు ఫిరౌన్ల వారసులు" అంటుంది. ఆ పొగడ్తతో ఒక దెబ్బకి రెండు పిట్టలు. కాప్టు బతికుండగానే మ్యూజియం వస్తువవుతాడు. అతని పక్కింటి ముస్లిం, బహుశా ఆరు తరాల కిందటి అతని దాయాది, పరాయివాడవుతాడు.

గైడ్లు చెప్పే చిన్న కథల్లో ఈ పని ఇంకా బాగా కనిపిస్తుంది. స్ఫింక్స్ ముక్కు సంగతే చూడండి. నెపోలియన్ సిపాయిలు ఫిరంగితో పేల్చారని ఒక కథ. అది అబద్ధం. నెపోలియన్ 1798లో వచ్చాడు, 1737లో నోర్డెన్ గీసిన బొమ్మలోనే ముక్కు లేదు. 1378లో సాయిముద్దహర్ అనే సూఫీ ఆ ముఖాన్ని పాడుచేశాడని పదిహేనో శతాబ్దపు చరిత్రకారుడు మఖ్రీజీ రాశాడు. సరే, కొట్టినవాడు ముస్లిమే. కానీ ఎందుకు కొట్టాడు? పంట పండాలని చుట్టుపక్కల రైతులు ఆ విగ్రహానికి మొక్కుబడులు చెల్లిస్తున్నారని కోపం వచ్చి. ఆ రైతులూ ముస్లింలే. అదంతా రాసిపెట్టిన మఖ్రీజీ కూడా ముస్లిమే. మొక్కినవాడు, కొట్టినవాడు, రాసినవాడు ముగ్గురూ ముస్లింలైతే గైడు పాఠంలో మిగిలేది కొట్టినవాడు ఒక్కడే. దర్గాల ముందు మొక్కే మా అమ్మలకీ, మొక్కొద్దని గదమాయించే మౌల్వీలకీ మధ్య నడిచే జగడం ఇదే. అది బయటివాడికి కనపడదు. వాడికి "ముస్లింలు విగ్రహాలు పగలగొడతారు" అన్న ఒక్క ముక్క చాలు.

అలెగ్జాండ్రియా గ్రంథాలయాన్ని ఖలీఫా ఉమర్ తగలబెట్టించాడన్న కథ కూడా ఇలాంటిదే. ఆ సంఘటన జరిగిందని చెప్పే కాలానికీ ఆ కథ మొదట కాగితం మీద కనిపించిన కాలానికీ మధ్య దాదాపు ఆరు వందల ఏళ్ళున్నాయి. సీజర్ కాలపు మంటలు, 391లో సెరాపియం గుడి విధ్వంసం అంతకు ముందే జరిగిపోయాయి. చరిత్రకారులు చాలావరకు ఉమర్ కథని కొట్టేశారు. చిత్రమేమంటే ఆ కథని మొదట ప్రస్తావించినవాళ్ళలో అబ్దుల్ లతీఫ్ బగ్దాదీ ఉన్నాడు. 1200 ప్రాంతంలో ఈజిప్టు తిరిగిన వైద్యుడు. స్ఫింక్స్ ముఖంలోని అవయవాల పొందికని చూసి ముచ్చటపడి రాశాడు. నిధుల కోసం పాత కట్టడాల్ని తవ్వేవాళ్ళని తిట్టిపోశాడు. సలాహుద్దీన్ కొడుకు మూడో పిరమిడ్‌ని కూలగొట్టించబోయి, నెలల తరబడి మనుషుల్ని పెట్టి, ఒక గంటు మాత్రం చేసి చేతులెత్తేసిన సంగతిని కూడా ఆయనే లోకానికి చెప్పాడు. మాలో కూల్చబోయినవాడున్నాడు, కూల్చొద్దన్నవాడూ ఉన్నాడు. అన్ని జాతుల్లోనూ ఉన్నట్టే. మాకు కావల్సింది సున్నం వేసిన చరిత్ర కాదు. రెండో మనిషిని ఎందుకు దాస్తారన్నది మా అభ్యంతరం.

లక్సర్ గుడికి వెళ్ళినప్పుడు తలెత్తి చూడాలి. ఫిరౌన్ల స్తంభాల మీద, గాల్లో వేలాడుతున్నట్టు ఒక తలుపు కనిపిస్తుంది. పదమూడో శతాబ్దపు వలీ అబుల్ హజ్జాజ్ మసీదు తలుపది. ఒకప్పుడు నేల ఆ ఎత్తున ఉండేది. గుడి ఇసుకలో, మట్టిలో సగం పూడిపోయి, దాని మీద ఊరు ఉండేది. ఇళ్ళు, పావురాల గూళ్ళు, వీధులు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఫ్రెంచి అధికారులు ఊరుని తొలగించి గుడిని బయటికి తీశారు. మసీదుని మాత్రం జనం కదలనివ్వలేదు. అందుకే తలుపు పైన ఉండిపోయింది. గుడి, గుళ్ళో చర్చి, దాని మీద మసీదు. ఒకే చోట మూడువేల ఏళ్ళకి పైగా మనుషులు దేవుణ్ణి పిలుస్తూనే ఉన్నారు. ఏటా షాబాన్ నెలలో ఆ వలీ ఉర్సుకి జనం పడవల్ని ఊరేగిస్తారు. ఫిరౌన్ల కాలంలో అదే ఊళ్ళో అమూన్ దేవుణ్ణి పడవలో ఊరేగించేవారని గుడి గోడల మీదే చెక్కి ఉంది. ఈ రెండు పడవల మధ్య సంబంధం గురించి పండితులు వాదించుకోనీ. సందల్ ఊరేగింపులో నడిచిన మా కాళ్ళకి మాత్రం ఆ దారి కొత్తగా అనిపించదు. టూరు పాఠంలో ఆ మసీదు "గుడిని ఆక్రమించిన కట్టడం"గా ధ్వనిస్తుంది. 1992 డిసెంబరు 6 తర్వాత, గుడీ మసీదూ ఒకే వాక్యంలో వినపడితే మా గుండెలు ఎలా కొట్టుకుంటాయో సెక్యులర్ మిత్రులు అర్థం చేసుకోవాలి.

నైలు పడమటి ఒడ్డున గుర్నా ఉండేది. కులీనుల సమాధుల కొండవాలు మీద రంగురంగుల మట్టి ఇళ్ళు. గైడ్ల మాటల్లో వాళ్ళు తరతరాల సమాధి దొంగలు. దొంగతనాలు జరిగాయి, నిజమే. కొన్నవాళ్ళు ఎవరు? యూరప్ కాన్సుల్సు, కలెక్టర్లు, మ్యూజియాల ఏజెంట్లు. కొన్నవాడు సేకర్త, అమ్మినవాడు దొంగ. వాళ్ళని కిందికి దించడానికి 1940లలో హసన్ ఫత్హీ అనే వాస్తుశిల్పి మట్టి ఇటుకలతో కొత్త గుర్నా కట్టాడు. ప్రపంచమంతా మెచ్చింది, గుర్నా జనం చాలావరకు వెళ్ళలేదు. 2006 చివర్లో బుల్డోజర్లు వచ్చాయి. కొన్నేళ్ళలో ఊరు దాదాపుగా లేకుండా పోయింది. ఇప్పుడు ఫొటోలో అడ్డంగా ఇళ్ళు లేవు.

అబూ సింబెల్ గురించి గైడు గర్వంగా చెప్తాడు. అస్వాన్ ఆనకట్ట నీళ్ళలో మునిగిపోకుండా 1964 నుంచి 1968 దాకా కొండనే కోసి, ముక్కలు ముక్కలుగా అరవై అయిదు మీటర్ల పైకి తెచ్చి అతికించారు. గొప్ప పనే. అదే నీళ్ళ కింద నూబియా ఊళ్ళకి ఊళ్ళు పోయాయి. ఈజిప్టు వైపే యాభైవేల మంది నూబియన్లని 1963, 64ల్లో కోమ్ ఓంబో దగ్గరికి తరలించారు. ఖర్జూరం చెట్లు, ఖబరస్తాన్లు, నది మీదికి తెరుచుకునే వాకిళ్ళు మునిగిపోయాయి. నది నుంచి దూరంగా, వరసలుగా కట్టిన ఇళ్ళిచ్చారు. రామ్సెస్ విగ్రహాలకి యునెస్కో ఉంది. సాయిబుల ఖబరస్తాన్లకి ఎవరున్నారు? తెలుగువాళ్ళకి ఇది వేరే చెప్పాలా? నాగార్జునసాగర్‌కి 1955లో పునాది వేసి, మునిగే లోయలోంచి బౌద్ధ కట్టడాల్ని తవ్వి కొండమీదికి చేర్చారు. లాంచీ ఎక్కి వెళ్ళి మ్యూజియం చూసొస్తాం. లోయలో ఉన్న ఊళ్ళవాళ్ళు ఎటు పోయారో లాంచీలో ఎవరూ చెప్పరు.

ఈ టూరు బస్సుకి ఇంకో కథ ఉంది. 1997 నవంబరులో లక్సర్‌లోని హత్‌షెప్సుత్ గుడి దగ్గర సాయుధులు 58 మంది విదేశీ యాత్రీకుల్నీ నలుగురు ఈజిప్షియన్లనీ చంపారు. మతం పేరుతో చేసిన ఆ ఘోరాన్ని ఖండించకుండా ముందుకు పోయే హక్కు మాకు లేదు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి బస్సులు పోలీసు కాన్వాయ్‌లో నడిచాయి. కిటికీ అద్దానికి అవతల ఉన్న ప్రతి గలాబియా వేసుకున్న మనిషీ అనుమానితుడయ్యాడు. ఈజిప్టు ముస్లింతో పది రోజుల్లో ఒక్క మాటా మాట్లాడకుండా, అతన్ని చూసి భయపడి, అతని తాతల్ని పొగిడి తిరిగొచ్చిన బృందాలెన్నో!

మరి మా ప్యాకేజీల మాటేమిటి? ఉమ్రాతో కలిపి ఈజిప్టు జియారత్ అని ఇప్పుడు మనవాళ్ళకీ టూర్లున్నాయి. ఇమామ్ హుసేన్ మసీదు, సయ్యిదా జైనబ్, సయ్యిదా నఫీసా, ఇమామ్ షాఫయీ గోరీ. చూడాల్సినవే. కానీ ఈ పాఠంలో ఈజిప్టు 641లో పుడుతుంది. అంతకు ముందంతా ఫిరౌన్. ఫిరౌన్ అంటే మన ఇళ్ళల్లో తిట్టు. మమ్మీల గదిలో రామ్సెస్ ముందు నిలబడి "వీడే మూసా నబీని తరిమినవాడు" అని చెప్పించుకుని తౌబా చేసుకుని వస్తారు. ఏ ఫిరౌనో ఖురాన్ పేరు పెట్టి చెప్పలేదు. పైగా ఖురాన్‌లో ఆ ఫిరౌన్ భార్య కూడా ఉంది. ఈమాన్‌కి ఉదాహరణగా చూపించిన ఆడమనిషి. ఆసియా బీబీ అంటాం. ఆమె ఈజిప్టుది కాదా? సఫా మర్వాల మధ్య బిడ్డ దాహం తీర్చడానికి పరిగెత్తిన బీబీ హాజిరా ఈజిప్టు స్త్రీ అని మన సంప్రదాయమే చెప్తుంది. ఏటా లక్షలమంది హాజీలు ఒక ఈజిప్టు బానిసరాలి అడుగుల్లో అడుగులేసి పరిగెడుతున్నారు. అమ్ర్ గుర్రాలు నైలు దాటకముందే నైలు మన దీన్‌లో ఉంది. టూరిస్టు పాఠం ఈజిప్టు నుంచి ముస్లింని తీసేస్తే, జియారత్ పాఠం ముస్లిం నుంచి ఈజిప్టుని తీసేస్తుంది. ఇద్దరి కత్తీ ఒకే చోట దిగుతోంది.

ఈజిప్టు ముస్లింలు దీన్ని ఒప్పుకుని కూచోలేదు. అజ్‌హర్‌లో చదివిన షేక్ రిఫాఆ తహ్తావీ 1868లోనే ఫిరౌన్ల చరిత్రని అరబ్బీలో, తన దేశపు గర్వంగా రాశాడు. నజీబ్ మహ్‌ఫూజ్ తన మొదటి నవలల్ని ఫిరౌన్ల కాలం మీదే రాశాడు. అయితే గర్వం సర్కారు చేతికి చిక్కితే ఏమవుతుందో కూడా చూశాం. 2021 ఏప్రిల్‌లో 22 మమ్మీల్ని బంగారు రథాల మీద కైరో వీధుల్లో ఊరేగించారు. ఆ ఏళ్ళలోనే రోడ్ల కోసం అదే కైరోలో శతాబ్దాల నాటి ఖబరస్తాన్లలో గోరీలు కూల్చారు. 2025 నవంబరులో పిరమిడ్ల పక్కన కొత్త మహా మ్యూజియం తెరిచారు. రాజులు ఇంకా రాజులే.

ఈజిప్టుదాకా ఎందుకు అనేవాళ్ళుంటే గోల్కొండకి రండి. ఫతే దర్వాజా దగ్గర గైడు చప్పట్లు కొడతాడు, పైన బాలాహిసార్‌లో వినపడుతుందంటాడు. పిల్లలంతా చప్పట్లు కొడతారు. తర్వాత రామదాసు చెర చూపిస్తారు. తానీషా భక్తుణ్ణి బంధించాడంటారు. గోపన్న తహసీల్దారని, అది సర్కారు పన్ను సొమ్ము తగాదా అని, ఆ తానీషా దర్బారులో అక్కన్న మాదన్నలే మంత్రులని, భద్రాచలం ముత్యాల తలంబ్రాల సంప్రదాయానికి తానీషా పేరే చెప్పుకుంటారని, వీటిల్లో ఒక్కటైనా చెప్పేదాకా ఆగే గైడు దొరకటం అదృష్టం. ఈ కోట మాదే, అమరావతి స్తూపం మాదే, నాగార్జునకొండ మాదే అని మేమంటే నవ్వేవాళ్ళున్నారు. బౌద్ధులైనవాళ్ళు, ఆ తర్వాత ఇంకేదో అయినవాళ్ళు, ఆ తర్వాత దూదేకుల సాయిబులో, నూర్‌బాషాలో, ఫకీరు సాయిబులో అయినవాళ్ళు ఈ నేల మీంచి ఎటు పోయారనుకుంటున్నారు? గోల్కొండ గంటన్నరలో అయిపోతుంది. బడిపిల్లల బస్సు చార్మినార్‌కి బయల్దేరుతుంది. అక్కడ ఫొటోలకి ఇరవై నిమిషాలు, గాజులు కొనుక్కోడానికి అరగంట.